తరగతిలో జతకూర్పు

"ఇష్టమైనవారితో కూర్చోండి" అంటే ఉర్దూ విద్యార్థులు ఒకవైపు, తెలుగు విద్యార్థులు మరొకవైపు చేరుతారు. బిడియస్తుడు ఒంటరిగా మిగులుతాడు. కనుక జతకూర్పు అధ్యాపకుని బాధ్యత. అందుకు స్వల్పకాలం చాలు.

40 మంది ఉంటే 1 నుండి 20 వరకు రెండుసార్లు లెక్కించాలి; ఒకే అంకె వచ్చినవారు జంట. బేసిసంఖ్య అయితే ఒకచోట ముగ్గురుంటారు. చరిత్ర పాఠానికి చీటీలు మేలు: 'రేచర్ల రుద్రుడు' చీటీ పొందినవాడు మన ములుగు సీమలోని 'రామప్ప గుడి, 1213' చీటీని వెదకాలి. తెలుగు విద్యార్థికి 'కితాబ్', ఉర్దూ విద్యార్థికి 'పుస్తకము' ఇస్తే అర్థం అడుగుతూనే ఇద్దరూ కలుస్తారు.

పిదప 1981లో అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ సూచించిన క్రమం పాటించవచ్చు: ముందు ఎవరికి వారు ఆలోచన, తరువాత జంటలో చర్చ, చివర తరగతికి నివేదన.

విద్యార్థులారా! పక్కవారికి వివరించగలిగినప్పుడే పాఠం మనకు వచ్చినట్లు.