వెల – విలువ

లోకంలో వెల, విలువ అనే మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడుతుంటారు. కాని ఆ రెండింటికీ భేదం ఉంది. వెల అంగడిలో నిర్ణయమవుతుంది. కొనేవాని కోరికను, అమ్మేవాని అవసరాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. విలువ మాత్రం వస్తువులోని పనితనాన్ని, దానితో ముడివడిన మనుషుల చరిత్రను ఆశ్రయించి ఉంటుంది. ఈ రెండూ ఎల్లవేళలా కలసి నడవవు. జర్మనీలో తయారైన బి.ఎం.డబ్ల్యు. 507 అనే కారు వృత్తాంతం ఇందుకు చక్కని నిదర్శనం.

2018 జూలైలో ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో జరిగిన వేలంపాటలో ఈ జాతికి చెందిన ఒక పాత కారు అమ్మకానికి వచ్చింది. అందులో ఆసనాలు రెండే. పైకప్పును కావలసినప్పుడు వెనుకకు మడిచివేయవచ్చు. ఇటువంటి వాహనాలను కన్వర్టిబుల్ కార్లు అంటారు. ఆ కారు 38 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆశ్చర్యమేమంటే, ఇదే జాతి కార్లు కొత్తగా అంగడికి వచ్చిన రోజుల్లో కొనేవారు కరవై, తయారుచేసిన సంస్థకు నష్టాన్నే మిగిల్చాయి.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం మ్యూనిక్ నగరంలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ పరిస్థితి విచిత్రంగా ఉండేది. ఒకవైపు సామాన్యుల కోసం మోటారు సైకిళ్లను, 1955 నుంచి ఇసెట్టా అనే చిట్టి కారును తయారుచేసేది. మరొకవైపు సంపన్నుల కోసం ఎనిమిది సిలిండర్ల పెద్ద కార్లను నిర్మించేది. ఈ రెండింటి నడుమ మధ్యతరగతి కుటుంబానికి తగిన కారు ఆ సంస్థ వద్ద లేదు. ఆ సమయంలో ఐరోపా కార్లను అమెరికాకు దిగుమతి చేసుకొని అమ్మే మాక్స్ హాఫ్‌మన్ అనే వర్తకుడు ఒక సూచన చేశాడు. సుమారు 5,000 డాలర్లకు అందమైన స్పోర్ట్స్ కారును అందించగలిగితే అమెరికాలో వేల సంఖ్యలో అమ్ముడుపోతుందని అతని అంచనా. దాని రూపకల్పన బాధ్యత జర్మనీ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఆల్‌బ్రెక్ట్ గోర్ట్స్‌కు దక్కింది. 1955లో ఆ కారును న్యూయార్కులో తొలిసారి ప్రదర్శించినప్పుడు చూసినవారు దాని సౌందర్యానికి ముగ్ధులయ్యారు.

ఆ సౌందర్యం వెనుక ఎంతో శ్రమ ఉంది. అల్యూమినియం రేకులను పనివారు సుత్తెలతో సాగగొట్టి, వంపులు తీర్చి కారు పైభాగాన్ని రూపొందించేవారు. యంత్రపు అచ్చులో పోసినట్లు అన్నీ ఒకే తీరున ఉండక, ఒక కారుకూ మరొక కారుకూ కొలతల్లో స్వల్ప భేదం ఉండేది. 3.2 లీటర్ల ఇంజను 150 అశ్వశక్తిని ఇచ్చేది. ఇంత పనితనానికి పట్టే కాలం ఎక్కువ, అయ్యే ఖర్చు మరీ ఎక్కువ. తుదకు కారు ధర హాఫ్‌మన్ ఆశించినదానికి దాదాపు రెట్టింపయింది. వేలల్లో అమ్ముడుపోతుందనుకున్న కారును 1956 నుంచి 1959 వరకు 250 పైచిలుకు మాత్రమే తయారుచేయగలిగారు.

సంస్థ కష్టాలకు ఈ కారు ఒక్కటే కారణమని చెప్పడం న్యాయం కాదు. ఆ కాలంలో మోటారు సైకిళ్ల అమ్మకాలు పడిపోయాయి. పెద్ద కార్లు కూడా లాభాలు తేలేదు. నష్టాలు పేరుకొని, సంస్థను డైమ్లర్-బెంజ్ సంస్థకు అప్పగించాలన్న ప్రతిపాదన వచ్చింది. 1959 డిసెంబరు 9న మ్యూనిక్‌లో జరిగిన వాటాదారుల సమావేశంలో చిన్న వాటాదారులు, కార్లు అమ్మే డీలర్లు ఆ ప్రతిపాదనను గట్టిగా ఎదిరించారు. లెక్కలను ప్రశ్నించి సమావేశాన్ని వాయిదా వేయించారు. అనంతరం హెర్బర్ట్ క్వాంట్ అనే పారిశ్రామికవేత్త పెట్టుబడితో ముందుకు వచ్చాడు. 700 అనే చిన్న కారు, 1960వ దశకంలో వచ్చిన మధ్యతరహా కార్లు సంస్థను నిలబెట్టాయి. ఆనాడు నిలిచింది సంస్థ పేరు మాత్రమే కాదు, దానిని నమ్ముకొన్న కార్మికుల బతుకుతెరువు కూడా.

కాలం గడిచేకొద్దీ 507కు కొత్త గౌరవం లభించింది. సైనిక సేవకై 1958లో జర్మనీకి వచ్చిన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ తెల్లని 507ను వాడాడు. అభిమానులు దానిపై లిప్‌స్టిక్‌తో సందేశాలు రాసిపోతుండటంతో దానికి ఎర్రరంగు వేయించాడని చెబుతారు. ఆ కారు దశాబ్దాలపాటు కనుమరుగై, అసలు ఇంజను లేని స్థితిలో కాలిఫోర్నియాలో దొరికింది. మ్యూనిక్‌లో దానిని పునరుద్ధరించి 2016లో ప్రదర్శించారు.

గుడ్‌వుడ్‌లో అమ్ముడుపోయిన కారు జాన్ సర్టీస్‌ది. మోటారు సైకిల్ పందేల్లోనూ, ఫార్ములా వన్ కారు పందేల్లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన ఏకైక వీరుడాయన. 1956లో 500 సి.సి. విభాగంలో ప్రపంచ విజేత అయిన తరువాత, మరుసటి ఏడాది ఆ కారు ఆయన చేతికి వచ్చింది. దాని ఖరీదులో కొంత ఆయన పందేలు నడిపిన ఎం.వి. అగుస్టా సంస్థాధిపతి భరించాడు. సర్టీస్ దానిని అలంకారంగా దాచలేదు. స్వయంగా నడిపాడు, డిస్కు బ్రేకుల పరీక్షలకూ వినియోగించాడు. 2017లో మరణించేవరకు తన వద్దనే ఉంచుకొన్నాడు.

వేలంలో పలికిన ధనం సుత్తె పట్టిన పనివారికి అందలేదు, నష్టపోయిన సంస్థకూ అందలేదు. వెల అమ్మినవారికే చెందుతుంది. అయితే ఆ పనివారి నేర్పు లేకుంటే వేలంలో పాడుకొనడానికి ఏమీ ఉండేది కాదు. సౌందర్యాన్నే చూసి లెక్కలను మరచిన సంస్థ పతనపు అంచుకు చేరింది. లెక్కలనే చూసేవారికి ఆ కారు వ్యర్థ ప్రయత్నంగా తోచింది. ఏ పనినైనా తూచే వేళ ఈ రెండు తూనికలూ అవసరమేనని ఈ కారు వృత్తాంతం తెలియజేస్తున్నది.

అభ్యాసం

1. వెలకు, విలువకు గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 507 కారు ధర అంచనాను మించిపోవడానికి కారణాలు తెల్పండి.
3. 1959 డిసెంబరు 9నాటి సమావేశ ప్రాముఖ్యాన్ని రాయండి.
4. "వెల అమ్మినవారికే చెందుతుంది" – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.