గుడ్లగూబ గుర్తు కంప్యూటరు

అక్కలారా! బ్యాంకులో కంప్యూటరు చూశారా? మండలాఫీసులో చూశారా? చూసే ఉంటారు. కాని దాన్ని చూస్తే మనకు కొంచెం జంకు. ఒక పాత కంప్యూటరు సంగతి తెలుసుకుందాం. అప్పుడు ఆ జంకు పోతుంది.

ఇంగ్లండులో బ్లెచ్లీ పార్క్ అనే చోట ఒక మ్యూజియం ఉంది. అక్కడ పాత కంప్యూటర్లను సేకరించి పెట్టారు. వాటిలో ఒకటి బీబీసీ మైక్రో. ఎకార్న్ అనే కంపెనీ దీన్ని 1981లో తెచ్చింది. పెట్టె మీద చుక్కలతో గీసిన గుడ్లగూబ గుర్తు ఉంటుంది. ఇంగ్లండు వాళ్లకు గుడ్లగూబ తెలివికి గుర్తు. ఈ కంప్యూటర్లను అద్దాల బీరువాలో పెట్టి ఊరుకోలేదు. ఇప్పటికీ బడిపిల్లలు వచ్చి వాటి మీటలు నొక్కి నేర్చుకుంటారు.

బీబీసీ అంటే బ్రిటన్ రేడియో, టీవీ సంస్థ. అది 1982 జనవరిలో టీవీలో కంప్యూటరు పాఠాలు మొదలుపెట్టింది. పాఠం చూసినవాళ్లు చేత్తో చేసి నేర్చుకోవాలి గదా! అందుకే ఈ కంప్యూటరు.

దీనికి సొంత తెర లేదు. ఇంట్లో ఉన్న టీవీకి తగిలించేవారు. కరెంటు పోతే రాసిందంతా చెరిగిపోయేది. అందుకని టేప్ రికార్డరు తగిలించేవారు. పాటల క్యాసెట్టులాంటి దాంట్లోనే రాసింది దాచేవారు.

మన దేశంలో 1984లో కొన్ని బడులలో కంప్యూటరు చదువు మొదలైంది. అప్పుడు ప్రభుత్వం బడులకిచ్చినవి ఈ బీబీసీ మైక్రోలే.

ఈ కంప్యూటరుకు ఆజ్ఞను తప్పుగా రాసి ఇచ్చామనుకోండి. తెర మీద "మిస్టేక్" అని చూపుతుంది. మిస్టేక్ అంటే తప్పు. అబ్బో, ఎంత తెలివి అనిపిస్తుంది. కాని 5,000 కొట్టాల్సిన చోట 500 కొడితే? ఏమీ అనదు. 500 అనే తీసుకుంటుంది. మన దగ్గర ఎంత డబ్బుందో దానికేం తెలుసు? మనిషి ఏం కొడితే అదే దానికి నిజం.

ఇప్పటి కంప్యూటర్లు చాలా వేగంగా పనిచేస్తాయి. అయినా ఈ సంగతి మారలేదు. పింఛను కాగితంలో పేరు తప్పు పడిందనుకోండి. పాసుపుస్తకంలో సొమ్ము తగ్గిందనుకోండి. అడిగితే "కంప్యూటరులో అలాగే ఉందమ్మా" అంటారు. అంతటితో లేచి రాకండి. కంప్యూటరులోకి ఎక్కించింది మనిషే. ఇలా అడగండి:

"ఏ కాగితం చూసి ఎక్కించారు? ఆ కాగితం నాకు చూపించండి. తప్పుంటే సరిచేయండి."

ఇలా అడగాలంటే ముందు మన కాగితం మనం చదువుకోవాలి. ఆఫీసు గడప దాటకముందే చదవాలి.

చెప్పండి - చేయండి

1. బీబీసీ మైక్రోలో రాసింది ఎందులో దాచేవారు?
2. కంప్యూటరు ఏ తప్పు పట్టుకుంది? ఏ తప్పు పట్టుకోలేదు?
3. మీ పాసుపుస్తకం తెరవండి. మీ పేరు, చివరి వరుసలో ఉన్న సొమ్ము చదవండి. పలక మీద రాయండి.