పువ్వు పక్కన తుపాకి గూడ గియ్యి

కోటగిరి



నువ్వు ఫోన్ల పంపిన రెండు బొమ్మలు చూసిన. పెద్దగ చేసి, కండ్లద్దాలు మార్చి మార్చి చూసిన. నీ చెయ్యి కుదిరింది. గీతల తొందర తగ్గింది. యుద్ధాల నాటి పాత ఫోటోలల్ల మనుషులు ఒకరికొకరు దగ్గరైన క్షణాలు వెతికి పెన్సిల్‌తోటి వరుసగ గీస్తనన్నవ్. మంచి పని పట్టినవ్. గని నాకు కొన్ని అనుమానాలున్నయి. ఫోన్ల మాట్లాడితే సగం చెప్పి సగం మరుస్త, అందుకే కూసుండి రాస్తున్న.

ముందుగాల పారిస్ బొమ్మ. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండంగ 1916 జూలై 14, అక్కడి జాతీయ పండుగ పరేడ్. ఒకామె గుంపుల నుంచి ముంగటికొచ్చి సిక్కు సిపాయి ఛాతి మీద పువ్వు పెడ్తున్నది. లోకమంత తిరిగిన ఫోటో అది. నువ్వు ఆమె చెయ్యి, పువ్వు, ఆయన గడ్డం ఉంచి మిగిలిందంత కోసేసినవ్. తుపాకి కాయిదం బయటికి పోయింది. ఎనుకనున్న సిపాయిలు పోయిండ్రు. పెన్సిల్ పనికి వంక పెట్టను, బొమ్మ మాత్రం పెండ్లి ఆల్బంల ఫోటో లెక్క అయ్యింది. ఆ చెయ్యి అంత మెత్తగ ఎందుకు కనబడ్తది బిడ్డా? ఆ పువ్వు పెట్టించుకునేటాయన తెల్లారితే ఎక్కడికి పోతడో ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు. తుపాకి తీసేస్తే ఆ ఎరుక గూడ పోతది.

అదే తారీకున ఇంకో ఫోటో ఉన్నది, దాన్ని గూడ చూడు. లండన్‌లున్న ఇంపీరియల్ వార్ మ్యూజియంల ఉంటది. 20వ దక్కన్ హార్స్ గుర్రపు దళం ఫ్రాన్స్‌ల సోమ్ నది దిక్కున్న కార్నోయ్ లోయల వరుసలు కట్టి ఎదురుచూస్తున్నది. ఆ పొద్దుమీకి వాళ్లు హై వుడ్ అనే అడవి దిక్కు బల్లాలు పట్టి మెషిన్ గన్లకు ఎదురు పోయిండ్రు. పాత హైదరాబాద్ కంటింజెంట్ ఫౌజు‌ల నుంచి పుట్టిన దళమే అది, పేర్లనే దక్కన్ ఉన్నది. మనోళ్లు అని గుండెలు పొంగించుకోకు, అందులున్నది ఎక్కువ దక్కనీ ముస్లింలు, సిక్కులు, జాట్లు. పారిస్‌ల పువ్వులు, సోమ్ దగ్గర ఎదురుచూపు, రెండూ ఒక్క రోజే. ఈ రెండు బొమ్మలను పక్క పక్కన పెడ్తే నువ్వు కింద ఒక్క మాట రాయనక్కర లేదు, తారీకు చాలు.

ఇంగ్లండ్‌ల బ్రైటన్ రాజభవనం ఫోటోలు గూడ గియ్యాలె అనుకుంటున్నవ్ గద, వాటితోటి పైలం. 1914 చివర నుంచి 1916 మొదలుదాక ఆ భవనం గాయపడ్డ మన సిపాయిల దవాఖాన. పెద్ద పెద్ద దీపాల గుత్తుల కింద మంచాలు, తెల్ల దుప్పట్లు, తలపాగలు. చూస్తే మనసు కరుగుతది. కరగాలె అనే తీసిండ్రు వాటిని. దొరలు మన సిపాయిలను ఎంత బాగ చూసుకుంటున్నరో ఊర్లల్ల తెలియాలె అని గురుముఖి, ఉర్దూ, ఇంగ్లీషుల పుస్తకమేసి పంచిండ్రు. ఆ మంచాల మీద పన్నోళ్ల నొప్పి అబద్ధం కాదు. ఆ ఫోటోల పని మాత్రం వేరే ఉండె. ఇంకో సంగతి చెప్త. విక్టోరియా క్రాస్ పతకం పొందిన మొదటి భారతీయ సిపాయి ఖుదాదాద్ ఖాన్ పక్కన ఒక తెల్ల నర్సు నిలబడ్డ ఫోటో 1915ల లండన్ పత్రికల పడ్డది. అంతే, సైన్యం పెద్దలు గాయి గాయి చేసిండ్రు. మన సిపాయిల దగ్గర తెల్ల నర్సులను ఉంచొద్దని పట్టుబట్టిండ్రు. ఒక నర్సు ఒక రోగి పక్కన నిలబడుడు గూడ ఒకరికి ముద్దు, ఇంకొకరికి ముప్పు. కాబట్టి ఏ ఫోటో ముంగట కూసున్నా మొదలు అడుగు: కెమెరా ఎవలది, ఈ మెత్తదనం ఎవలికి కావాల్సి వచ్చింది? జవాబు దొరికినంక గియ్యి. అప్పుడు దీపాల గుత్తులను ఎంత నల్లగ చెయ్యాలె, మంచం మీది మొఖాన్ని ఎంత తెలుపుగ వదలాలె అనేది నీ చేతికే తెలుస్తది.

నీ రెండో బొమ్మ తెలంగాణ సాయుధ పోరాటం నాటి దళం ఆడవాళ్లు. ఇందుల తుపాకులు ఉంచినవ్, సంతోషం. మొఖాలకు మాత్రం అందం ఎక్కువ పెట్టినవ్. వాళ్ల దవడలు గట్టిగ, పెదాలు ఎండి ఉంటయి. అడవిల తిరిగిన మనుషులు వాళ్లు. మల్లు స్వరాజ్యం 2022 మార్చిల కాలం చేసేదాక తుపాకి పట్టుకున్న వయసు ఫోటోతోటే జనానికి యాదికున్నది. అసుంటి ఫోటోలు కొన్ని నిలబెట్టి తీసినయే. నిలబెట్టి తీసినా తప్పు లేదు, వాళ్లు తమను ఎట్ల చూడమన్నరో అది గూడ చరిత్రే. ఆ పోరాటాన్ని ఫోటోలు తీసిన సునీల్ జానా గూడ కమ్యూనిస్టు పార్టీ మనిషే, దాపరికం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. స్త్రీ శక్తి సంఘటన అక్కలు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం చదివినవా? లేకుంటే గియ్యుడు ఆపి ముందు అది చదువు. అడవిల ఉన్నప్పుడు కన్నబిడ్డను పరాయి చేతులల్ల పెట్టి దళం ఎంబడి నడిచిన తల్లి మాట అందుల ఉన్నది. ఆ పోరాటం మొత్తంల అంతకంటె మెత్తని క్షణం ఏముంటది? ఆ చీకట్ల ఫోటో తీసేటోడు ఎవడున్నడు? జైలు సంగతి గూడ అంతే. మన ఇందూరు ఖిల్లా జైల్ల కవి దాశరథి బొగ్గుముక్కతోటి గోడ మీద పద్యం రాసిండు. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి. జైల్లకు గూడ కెమెరా ఎక్కడిది? కెమెరా దొరలకాడ, పత్రికలకాడ, పార్టీకాడ ఉండె. పల్లెల ఉన్నోళ్లకు బొగ్గే దిక్కు.

మరి ఫోటోలే లేని అసుంటి క్షణాలు గియ్యాల్నా వద్దా అని అడుగుతవ్. గియ్యి, గని ఫోటో చూసి గీసినట్టు గియ్యకు. పాత ఫోటో మరకలు, చిరిగిన అంచులు పెట్టి నమ్మించకు. ఖాళీ కాయిదం మీద తల్లి చేతులే గియ్యి, మొఖం వదిలెయ్యి. ఆమె మొఖం నీకు తెల్వది గద. చిత్తప్రసాద్ అని బెంగాల్ చిత్రకారుడు 1943 కరువుల ఊరూరు తిరిగి ఇంకుతోటి మనుషులను గీసిండు. ఎవరు, ఏ ఊరు, ఏం పోగొట్టుకున్నరు అని రాసుకున్నడు. 'హంగ్రీ బెంగాల్' అని పుస్తకమేస్తే తెల్లోళ్లు కాల్పిచ్చిండ్రు. ఆ కరువునే సునీల్ జానా ఫోటోలు తీసిండు. ఇద్దరి పనులు పక్కన పెట్టుకొని చూడు. ఒకరు చూపెట్టింది ఇంకొకరు చూపెట్టలే. నాకైతే చిత్తప్రసాద్ గీసిన ఎముకలే ఎక్కువ కుట్టినయి. ఇది నా ఇష్టం, నువ్వు ఒప్పుకోనవసరం లేదు.

ఇగ చేతిపని సంగతులు. వీటికోసమే ఉత్తరం మొదలుపెట్టిన, మాటలు ఎటో పోయినయి.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి ప్లేట్లు, ఫిల్ములు చాన మటుకు ఎరుపును చూడలేకపోతుండె. కుంకుమ బొట్టు నల్లగ పడ్తది. ఎర్ర చీర నల్ల చీర అయితది. నీలం తేలిపోయి తెల్లబడ్తది, అందుకే పాత ఫోటోలల్ల ఆకాశం చాన సార్లు ఉత్త తెలుపే. చామనఛాయ మొఖాలు ఉన్నదానికంటె నల్లగ వస్తయి. నువ్వు ఆ నలుపునే నమ్మి 6బితోటి రుద్దితే మనిషి చెంపల మీది వెలుగు చచ్చిపోతది. ఫోటోల ఉన్న నలుపును కొంత తగ్గించుకొని గియ్యి, ముఖ్యంగ కండ్ల కింద, ముక్కు పక్కన.

తిరగబడ్డ ఫోటోలు గూడ తగుల్తయి. నెగెటివ్ తిప్పి వేస్తే ఎడమ కుడి అయితది. తెలుసుకునుడు అలకనే. మొగోళ్ల అంగీ గుండీలు వాళ్ల కుడి దిక్కు ఉంటయి, పతకాలు ఎడమ ఛాతి మీద ఉంటయి, లీ ఎన్‌ఫీల్డ్ తుపాకి బోల్టు పిడి కుడి దిక్కే ఉంటది. ఇవన్నీ తారుమారైతే బొమ్మను తిప్పి గియ్యి.

పత్రికల అచ్చైన ఫోటోను దగ్గరికి చూస్తే అంత చుక్కలే. నల్ల చుక్కలు ఒకదాంట్ల ఒకటి కలిసి నీడలల్ల ఉన్న వేళ్లు మాయమైతయి. అక్కడ వేళ్లు ఊహించకు, నీడగనే వదులు. ఇంక ఈ ఫోన్ల పాత ఫోటోలకు మెరుగు పెట్టేవి ఉంటయి గద, వాటిని అస్సలు దగ్గరికి రానియ్యకు. అవి లేని కనురెప్పలు పెడ్తయి, లేని పండ్లు పెడ్తయి. నువ్వు గీసిన దళం ఆడవాళ్లల్ల ఒకామె కండ్లు మిలమిల మెరుస్తుంటే నాకు అదే అనుమానం వచ్చింది. అసలు ఫోటో ఎంత మసకగున్నా అదే ముంగట పెట్టుకో.

గళ్లు జిరాక్స్ మీద గీసుకో, అసలు ఫోటో మీద వద్దు. మొదటి గీత హెచ్‌బితోటి, గట్టిగ ఒత్తకుండ. చర్మానికి 2బి, బట్టల నీడలకు 4బి. 6బిని ఒక్క కాడనే వాడు, బొమ్మంతల అన్నిటికంటె నల్లని చోట. నాలుగు చోట్ల వాడినవంటే ఏదీ నల్లగ కనబడదు, పైగ లైటు పడితే పెన్సిల్ నలుపు వెండి లెక్క మెరుస్తది. తెలుపు కోసం తెల్ల పెన్సిల్ పెట్టకు, కాయిదాన్నే వదులు. నీడను వేలితోటి పులుముతున్నవ్, ఆ అలవాటు మాను. వేలి జిడ్డు కాయిదానికి పడితే రబ్బరుతోటి పోదు. దూదో మెత్తని కాయిదపు చుట్టో చాలు.

అన్నిటికంటె ముఖ్యమైంది చేతులు. మొఖాల కోసం కొట్లాడుతున్నవ్ గని, అసుంటి ఫోటోలల్ల ప్రేమ మొఖంల చాన తక్కువ కనబడ్తది. కెమెరా ముంగట మొఖాలు బిగుసుకుంటయి, చేతులు మరిచిపోతయి. ఆ పారిస్ ఆమె వేలు అంగీ బట్టను నొక్కిన కాడ చిన్న మడత పడ్తది. ఆ మడతను పదును పెన్సిల్‌తోటి గియ్యి, చుట్టున్నదాన్ని మెత్తగ వదిలెయ్యి. ఒక్క అంచు పదునుగ ఉంటే మిగతా అంచులు ఎంత కరిగినా బొమ్మ నిలుస్తది.

ఆఖరికి నా కోరిక ఒకటి. ఫ్రాన్స్, ఇంగ్లండ్ చాలు, జర మన దిక్కు చూడు. 1990 ఆగస్టుల ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు మన జిల్లా ఊర్లల్ల ఎంతమంది రాత్రులు నిద్రలేకుండ ఉన్నరో నీకు తెల్వది, నువ్వు పుట్టకముందు సంగతి అది. కువైట్ల పనికి పోయినోళ్లు ఎడారి దాటి జోర్డాన్ల అమ్మాన్ చేరుకున్నరు. అక్కడి నుంచి ఎయిరిండియా విమానాలల్ల లక్షకు పైగ మంది వాపస్ వచ్చిండ్రు. బొంబాయిల దిగి ఇంటికొచ్చినోళ్లు, పక్కన బిడ్డను నిలబెట్టుకొని స్టూడియోల దిగిన రంగుల ఫోటోలు కోటగిరి, బోధన్, రుద్రూర్ దిక్కు ఇండ్లల్ల ఇంక ఉంటయి. యుద్ధం ఫోటో అని ఎవలూ అనుకోరు వాటిని. అందుల గుండు లేదు, తుపాకి లేదు. తండ్రి చెయ్యి బిడ్డ భుజం మీద ఎంత గట్టిగ పడ్డదో చూడు.

అడిగి తీసుకో, అడగకుండ ఫోన్ల కొట్టకు. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకకు, అద్దం మీద నుంచే చెట్టు నీడల, ఫ్లాష్ లేకుండ తియ్యి. ఆ కాలం రంగులు ఇప్పుడు ఎర్రబారి ఉంటయి. రంగును నలుపు తెలుపు చేసినప్పుడు ఎర్ర అంగీ, పచ్చ చెట్టు ఒకే బూడిద రంగైతయి, కాబట్టి కండ్లు సగం మూసుకొని ఏది వెలుగు, ఏది చీకటో నువ్వే తేల్చుకో. ఏ ఇంటోళ్లన్నా పేరు రాయొద్దంటే రాయకు. ఊరు, సంవత్సరం రాయి, అది గూడ వద్దంటే బొమ్మనే వాళ్లకు ఇచ్చి రా.

పెన్సిళ్లు బోధన్ల దొరుకుతయి గని మంచి కాయిదం దొరకదు. వచ్చే వారం నిజామాబాద్ పోయే పని ఉన్నది, మందపు కాట్రిడ్జ్ కాయిదం తెచ్చి మీ నాయినతోటి పంపుత. పారిస్ బొమ్మ మళ్ల మొదటి నుంచి గియ్యి, ఈసారి తుపాకితోటి. అయినంక ఫోన్ల పంపకు, నువ్వే తీసుకొని రా. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తనన్నది.

మీ పెద్దబాపు