పాత మందు పంపునకు క్రొత్త మీట: లోపమును కనిపెట్టు క్రమము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సాగరు ఎడమ కాలువ క్రింద వరి పండించు రైతులకును, మెట్ట చేలలో ప్రత్తి, మిరప వేయు రైతులకును వీపున తగిలించుకొని చేతితో కొట్టెడు మందు పంపు చిరపరిచితమైన పనిముట్టు. బ్యాటరీ పంపులు, తైవాను పంపులు వచ్చిన పిమ్మటను ఇది మూలబడలేదు. అయితే యేండ్ల తరబడి వాడిన పంపు అరుగక మానదు. అందును చేతిలోని మీట, అనగా మనవారు ట్రిగ్గరు అని పిలుచు భాగము, త్వరగా చెడును. బజారున దొరకు క్రొత్త మీటయో, వాషరో, స్ప్రింగో వేయించిన తరువాత గూడ కారుట మానలేదని సభ్యులు మాతో చెప్పుచుందురు. అట్టి యెడల దోషమెక్కడ నున్నదో కనిపెట్టు విధమును ఈ పాఠమున వివరింతుము.

ఇది చిన్న సంగతి యని త్రోసివేయరాదు. మీట యొద్ద సెకనునకు ఒక్క బొట్టు కారుచున్నదనుకొందము. ఇంచుమించు 20 బొట్లు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన నిమిషమునకు 3, గంటకు 180, నాలుగు గంటల పనిలో 720 మిల్లీలీటర్ల మందు నీరు పట్టుకొన్న వాని చేతిమీదుగా పోవును. పురుగుమందు నోటిద్వారా మాత్రమే గాక చర్మము ద్వారా గూడ దేహములో ప్రవేశించును. 2017 వ సంవత్సరమున మహారాష్ట్రములోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తికి మందు కొట్టిన రైతులును కూలీలును పలువురు విషము సోకి మరణించిరి. అందులకు కారణములు పెక్కు గలవు. కాని కారెడు పంపు ఆ అపాయమును హెచ్చించునే గాని తగ్గింపదు.

మొదట మీట పనిచేయు తీరు తెలిసికొనవలెను. పిడిలో నొక చిన్న కవాటము కలదు. స్ప్రింగును, లోపలి ఒత్తిడియు కలిసి దానిని మూసియుంచును. మనము మీటను నొక్కగా సన్నని కడ్డీ యొకటి కవాటమును వెనుకకు నెట్టి దారి యిచ్చును. ఆ కడ్డీ చుట్టును మందు బయటికి రాకుండ రబ్బరు చుట్ట యొకటి యుండును. కడ్డీ, కవాటము, స్ప్రింగు, చుట్ట, మీట తిరుగు మేకు, ఈ యైదును ఒకదాని కొకటి అరిగి సర్దుకొని యుండును. వానిలో నొకదానిని మాత్రమే మార్చినచో క్రొత్తది పాతవానితో పొసగకపోవచ్చును. తుపాకి బాగుచేయు పనివారికి గూడ ఈ చిక్కు తెలిసినదే. క్రొత్త భాగము మంచిదే, పాత పిడియు పనికివచ్చునదే, రెండును కలిసినచోటనే దోషము పుట్టును.

పరీక్షకు ముందు పంపును మంచినీటితో మూడుమారులు కడుగవలెను. ఆ కడుగునీటిని కాలువలోను, బావియొద్దను పోయక, మందు కొట్టిన చేనిలోనే చల్లవలెను. చేతికి తొడుగు వేసికొని, మంచినీరు మాత్రమే పోసి పరీక్షింపవలెను. ఏ భాగమునైనను విప్పుటకు ముందు కొట్టుట ఆపి, మీట నొక్కి లోపలి ఒత్తిడి నంతయు వదలవలెను.

మొదటి పరీక్ష: మీట వదలినను నాజిలు కొసనుండి బొట్లు పడుచున్నచో, ఒత్తిడి తీసి, మేకు నూడదీసి మీటను తొలగించుడు. మరల పంపు కొట్టుడు. బొట్లు ఆగినచో కవాటము మంచిదే. క్రొత్త మీట పొడవు ఎక్కువై కడ్డీని ఎల్లప్పుడు నొక్కుచున్నదని తెలియవలెను. మీటకును కడ్డీకిని నడుమ వడ్లగింజ మందమంత సందు ఉండవలెను. మీట తీసినను బొట్లు పడినచో దోషము కవాటములోనిది. విప్పి ఇసుక, మడ్డి కడిగి, వాషరును స్ప్రింగును చూడవలెను. కవాటము కూర్చుండు చోటు గాడిపడియున్నచో ఎన్ని వాషరులు మార్చినను ఫలము లేదు. పిడితో కూడ మార్చుటయే మేలు.

రెండవ పరీక్ష: చేతివైపునకు, కడ్డీ ప్రక్కగా కారుచున్నచో కడ్డీపై గోటితో గీరి చూడుడు. గోరు తగులుకొన్నచో కడ్డీయే అరిగినది. చుట్టను మాత్రమే మార్చిన లాభము లేదు. కడ్డీ నునుపుగా నుండి చుట్ట ఉబ్బి మెత్తబడినచో, ఆ రబ్బరు మందులోని నూనెవంటి ద్రావకములకు తగినది కాదు. సాధారణ రబ్బరు కంటె నైట్రైలు రబ్బరు వీనికి ఎక్కువగా ఓర్చును.

మూడవ పరీక్ష: మీట పూర్తిగా నొక్కినను ధార బలహీనముగా నున్నచో నాజిలు తీసి చూడుడు. నీరు నిండుగా వచ్చినచో నాజిలులో అడ్డు కలదు. దానిని మెత్తని కుంచెతో శుభ్రపరుపవలెను గాని నోటితో ఊదరాదు, ఇనుపతీగతో పొడువరాదు. అప్పటికిని రాకున్నచో పిడిలోని జల్లెడను కడుగుడు. పిమ్మట గొట్టమునుండి పిడిని విడదీసి, గొట్టము కొసను బకెట్టులో పెట్టి కొట్టుడు. గొట్టమునుండి బలముగా వచ్చినచో పిడిలోనే దోషము. మేకు రంధ్రము అరిగి నొక్కు వృథా యగుచుండవచ్చును. గొట్టమునుండియు రాకున్నచో మీటను నిందింపక, పంపులోని వాషరును, గోళీ కవాటములను చూడవలెను.

కోదాడ దిక్కున నొక సభ్యుడు ఒకే పంటకాలమున మూడు వాషరులు మార్పించెను. తుదకు మేము మేకు తీసి చూడగా క్రొత్త మీటయే కడ్డీని నొక్కుచున్నట్లు తేలినది. అప్పటికే మందు కొట్టిన కూలి మనిషికి తలతిరిగి, వాంతులై ఆసుపత్రిలో నొక రాత్రి గడపవలసి వచ్చెను. దేవుని దయవలన కోలుకొనెను. మేకు తీయుటకు పట్టిన కాలము రెండు నిమిషములు.

ఇక చేయరాని పనులు. ఒక వాషరుమీద మరియొకటి వేయరాదు. స్ప్రింగును సాగదీయరాదు, అది కొలది దినములకే మరల సడలును. కడ్డీని ఆకురాయితో అరుగదీయరాదు, పోయిన పొడవు తిరిగి రాదు. అన్నిటికంటె అపాయకరమైనది మీటను తీగతో గాని రబ్బరుతో గాని నొక్కి కట్టివేయుట. గొట్టము పగిలినను, మనిషి గట్టుమీద జారిపడినను, అట్టి మీట మందును ఆపజాలదు.

మందు ఒంటిమీద పడినచో వెంటనే బట్టలు విప్పి సబ్బుతో బాగుగా కడుగవలెను. తలతిరుగుట, వాంతి, చూపు మందగించుట కనబడినచో 108 కు ఫోను చేసి, మందు సీసాను, దానిపై చీటీని వైద్యునికి చూపవలెను.

ప్రతి సంఘమును ఈ పంటకాలమునకు ముందే కొలత జాడీ నొకదానిని, దోషము లేదని తేలిన పరీక్షమీట నొకదానిని కార్యాలయమున నుంచవలెనని మా సూచన. అనుమానమున్న పంపునకు ఆ మీటను తగిలించి చూచినచో దోషము పంపుదో పిడిదో క్షణములో తెలియును. ఆ మీట వెల సభ్యులందరు పంచుకొన్న తలకు కొన్ని పైసలు. కాపాడునది మందు కొట్టువాని ప్రాణము.