తగ్గిన బరువు – తగ్గని దిగులు

2018 ప్రాంతంలో కొబ్బరినూనె డైటు కోస్తా జిల్లాల్లో ఇంటింటా మాటయింది. ఏ పద్ధతిలో బరువు తగ్గినా, ఒక దిగులు మిగులుతుంది: మళ్ళీ పెరుగుతానేమో! మన చింతలపూడిలో పండుగ భోజనానికి కూర్చున్నా అది ముద్ద దిగనివ్వదు.

ఈ దిగులుకు కారణం లేకపోలేదు. 2011లో మెల్‌బోర్న్ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఆకలి పుట్టించే హార్మోను హెచ్చుగానే ఉన్నట్లు తేలింది. పోయిన బరువును శరీరం తిరిగి కోరుతుంది. ఇది మనోబలహీనత కాదు.

కనుక కిలో పెరిగితే అపరాధమని ఎంచి పస్తులుండకండి. ఒంట్లో నీరు చేరినా కాటా ముల్లు కదులుతుంది. వారానికొకసారి, ఒకే వేళకు బరువు చూసుకోండి. మూడు వారాలు వరుసగా పెరిగితే అన్నం ఒక గరిటె తగ్గించి, కూరగాయలు, నడక పెంచండి.

ఇంటివారలారా, "మళ్ళీ లావయ్యావే" అనకండి. వారితో కలిసి నడవండి.