ఆ గ్రేడు మీ పిల్లలది కాదు, పరీక్షది!



పోయిన చలికాలం మా నాలుగో తరగతి బాబు ఒకడి మెడికల్ రిపోర్టు పట్టుకుని వాళ్లమ్మగారు కంగారుగా వచ్చారు. "ఊపిరితిత్తుల కెపాసిటీ తక్కువని వచ్చింది మేడమ్, వీణ్ణి ఆటలకు పంపకండి" అన్నారు. నేనూ సరేనని రిలే టీమ్ నుంచి పేరు తీసేశాను. రెండు వారాల తర్వాత డాక్టరుగారు ఆ రిపోర్టు చూసి, "బాబు సరిగ్గా ఊదనే లేదు, మళ్లీ చేద్దాం" అన్నారట. రెండోసారి నార్మల్ వచ్చింది. అప్పటికే స్పోర్ట్స్ డే అయిపోయింది.

ఆ పరీక్ష పేరు స్పైరోమెట్రీ. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా గట్టిగా, ఇక గాలి రానంత వరకు గొట్టంలోకి ఊదాలి. రక్తపరీక్షలో పిల్లలు చేయాల్సింది ఏమీ ఉండదు. ఇక్కడ మాత్రం అంతా వాళ్లు ఊదడంలోనే ఉంది. అందుకే నంబర్ల కన్నా ముందు, అవి నమ్మదగ్గవేనా అని చూడాలి.

రిపోర్టులో ఏం చూడాలి?

1. మొదలు: తడబడకుండా ఒక్క ఊపున ఊదాలి. అప్పుడు గ్రాఫ్ నిటారుగా పైకి లేస్తుంది.

2. మధ్య: మొదటి సెకనులో దగ్గు రాకూడదు. పెదవుల పక్క నుంచి గాలి పోకూడదు. నాలుక గొట్టానికి అడ్డం పడకూడదు.

3. చివర: గాలి మిగిలి ఉండగానే ఆపేస్తే, ఉన్న కెపాసిటీ కన్నా తక్కువ కనిపిస్తుంది. మా బాబు విషయంలో జరిగింది ఇదే.

4. పోలిక: కనీసం మూడుసార్లు బాగా ఊదాలి. 2019 నాటి అమెరికా, యూరప్ వైద్య సంఘాల ప్రమాణాల ప్రకారం, ఆరేళ్లు దాటిన పిల్లల్లో అన్నిటికన్నా మంచి రెండు ఫలితాల మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. ఆరేళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు 100 మిల్లీలీటర్లు లేదా 10 శాతం, ఏది ఎక్కువైతే అది.

కొన్ని రిపోర్టుల్లో ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడు కూడా ఉంటుంది. అది చూసి మార్కుల్లాగా బెంగపడకండి. ఆ గ్రేడు పరీక్ష ఎంత బాగా జరిగిందో చెబుతుంది, మీ పిల్లల ఊపిరితిత్తుల గురించి కాదు.

మీరు చేయగలిగింది

పుట్టినరోజు కొవ్వొత్తులు ఆర్పే ఆటలా ఇంట్లో ఊదడం అలవాటు చేయండి. ఎత్తు చెప్పులు విప్పించి కొలవమనండి. ఎందుకంటే ఎంత రావాలనేది ఎత్తు, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి లెక్కిస్తారు. ఇన్‌హేలర్ వాడుతుంటే, పరీక్షకు ముందు ఆపాలో వద్దో డాక్టరుగారినే అడగండి, సొంతంగా ఆపకండి. గ్రాఫులతో సహా పూర్తి రిపోర్టు తీసుకుని, "మా పాప సరిగ్గా ఊదిందా?" అని తప్పకుండా అడగండి.

ఒక జాగ్రత్త. పరీక్ష సరిగ్గా జరగలేదంటే ఊపిరితిత్తులు బాగున్నాయని అర్థం కాదు, మళ్లీ చేయించాలని అర్థం. రిపోర్టు నార్మల్‌గా ఉన్నా ఆస్తమా లేదని తేల్చలేం, అది రోజుకో తీరుగా ఉంటుంది. ఆయాసం, పిల్లికూతలు, రాత్రి దగ్గు ఉంటే డాక్టరుగారికి చెప్పండి. ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఈసారి నా వంతు కూడా ఉంది. రిపోర్టులో ఒక్క నంబరు చూసి ఏ పిల్లల పేరూ టీమ్ నుంచి తీసేయను. డాక్టరుగారు ఏమన్నారో ముందు మిమ్మల్ని అడుగుతాను.

మీ పిల్లల క్లాస్ టీచర్