అంగిట్లో చలి, నుదుట్లో పోటు

జనవాడ

మనవరాలికి,

ఐస్‌గోలా గబగబా తింటే నుదుట్లో మేకు దించినట్టు నొచ్చిందనీ, మెదడు గడ్డకట్టిపోతుందని మీ అమ్మమ్మ భయపడి ఈ ఎండకాలమంతా చల్లటివి మాన్పించారనీ ఫోనులో చెప్పావు. ఆమె భయం నీ మీది ప్రేమ కొద్దీ వచ్చిందే. అయినా ఎనిమిదో తరగతికి వచ్చావు కాబట్టి అసలు సంగతి నీకు తెలియాలి. చదివాక అమ్మమ్మకూ నెమ్మదిగా వినిపించు.

మెదడు గడ్డకట్టదు బిడ్డా. నోట్లో పెట్టుకున్న ఐసు చలి మెదడు దాకా పోనే పోదు. పైగా మెదడుకు తనంతట తనకు నొప్పి తెలిసే గుణమే లేదు. జరిగేదంతా అంగిట్లో, అంటే నోటి పైకప్పు వెనుక భాగంలో. అక్కడి పొర పలచన, దాని కిందే రక్తనాళాలు. ఒక్కసారిగా చలి తగిలితే అవి ముడుచుకుని, వెంటనే వెచ్చబడడానికి విప్పారతాయి. ఆ హడావిడిని ట్రైజెమినల్ అనే నాడి మెదడుకు చేరవేస్తుంది. ముఖమంతటికీ, నుదుటికీ స్పర్శ తెలిపే నాడి కూడా అదే. కబురు అంగిట్లోంచి వచ్చినా మెదడు దాన్ని నుదుటి లెక్కలో వేసుకుంటుంది. గుండె జబ్బు మనిషికి ఎడమచెయ్యి గుంజడం విన్నావు కదా, అదీ ఈ జాతిదే. మెదడు ముందుభాగానికి రక్తం తెచ్చే ధమని ఈ పోటు వచ్చినప్పుడు వెడల్పవుతుందనీ, అది మళ్లీ సన్నబడ్డప్పుడు నొప్పి తగ్గుతుందనీ 2012లో అమెరికా పరిశోధకులు గమనించారు. వాళ్లు మనుషులకు స్ట్రా అంగిటికి ఆనించి ఐసునీళ్లు తాగించి చూశారు.

నాకు బాగా నచ్చిన పరీక్ష మాత్రం కెనడాలోని హామిల్టన్‌లో జరిగింది. చేసింది నీలాగే ఎనిమిదో తరగతి పిల్ల, మాయా కాజొరోవ్‌స్కీ, వాళ్ల నాన్నతో కలిసి. తన బడిలో 145 మంది పిల్లలకు తలా 100 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ ఇచ్చింది. ఎవరు ఏ జట్టో ముందే ఎంచుకోకుండా విడదీసి, ఒక జట్టును 5 సెకన్లలోపు తినమంది, రెండో జట్టును 30 సెకన్లకు పైగా తీసుకొమ్మంది. గబగబా తిన్నవాళ్లలో 27 శాతం మందికి తల నొచ్చింది, నిదానంగా తిన్నవాళ్లలో 13 శాతం మందికే. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2002లో దాన్ని అచ్చువేసింది. నిజమేమిటో కొలిచి చూసిన పిల్ల అంటే నాకెంత గౌరవమో!

నీకు పనికొచ్చే మాటలు చెబుతా. మొదటి ముద్దను నాలుక మీద కరగనివ్వు, అంగిటికి తగలనివ్వకు. స్ట్రా పెడితే బుగ్గ వైపు తిప్పు. కుల్ఫీ దగ్గర మరింత జాగ్రత్త. అచ్చులను ఐసూ ఉప్పూ కలిపిన కుండలో పెడతారు. ఉప్పు పడితే ఆ ఐసు సున్నా డిగ్రీల కంటే చాలా కిందికి దిగుతుంది. పోటు మొదలైతే తినడం ఆపి నాలుకను అంగిటికి గట్టిగా ఆనించు, లేదా రెండు గుక్కలు గోరువెచ్చని నీళ్లు తాగు. ఎండలోంచి వచ్చినప్పుడు ముందు రంజన్ నీళ్లతో దాహం తీర్చుకో. కుండ నీళ్లు చల్లబరుస్తాయే గానీ అంత చలి పెట్టవు. దాహం మీదుంటే ఎవరైనా గోలాను గుటకలు వేస్తారు, అక్కడే వస్తుంది పోటు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. చల్లటిది వదిలిన పది నిమిషాల్లో ఈ నొప్పి పోవాలి. ఎక్కువసార్లు అరనిమిషమో, నిమిషమో ఉంటుంది. పోకపోయినా, చల్లటిది ముట్టకుండానే తల నొచ్చినా, వాంతులయినా, చూపు మసకబారినా అది వేరే జబ్బు. గోలా మీద నెట్టేయకుండా అమ్మకు చెప్పు, డాక్టరుకు చూపించండి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈ పోటు ఎక్కువగా వస్తుందంటారు. మీ అమ్మకు ఆ బాధ ఉంది కాబట్టి నీ సంగతి డాక్టరుకు ముందే తెలియడం మంచిది.

సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు బీదర్‌లో కుల్ఫీ తిందాం. గడియారం నువ్వు పట్టుకో, నోటుబుక్కు నేను పడతా.

ఇట్లు
మీ తాత